టైము పెట్టినవాడి పేరు ఎఫ్ఐఆర్‌లో ఎందుకుండదు?

మోటారు ప్రమాదాల నష్టపరిహారం కేసులు చూసే లాయర్ని నేను. నా టేబుల్ మీదికొచ్చే ఎఫ్ఐఆర్‌లలో ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది: లారీ డ్రైవరు అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి ప్రమాదానికి కారకుడయ్యాడు. ఊరు మారుతుంది, బండి నంబరు మారుతుంది, పోయినవాళ్ల పేర్లు మారతాయి, ఆ వాక్యం మాత్రం మారదు. తెల్లవారుజామున మూడు నాలుగు గంటల మధ్య జరిగిన ప్రమాదమైతే మా జూనియర్లు కాగితం తిప్పకుండానే చెప్పేస్తారు, "నిద్రపోయుంటాడు మేడమ్" అని. నిజమే, నిద్రపోయే ఉంటాడు. అంతకుముందు అతన్ని నిద్రపోనివ్వకుండా చేసిందెవరో ఏ కాగితంలోనూ ఉండదు.

మా నాన్న చేపల లారీ డ్రైవరు. కొల్లేటి పక్క ఊరు మాది. కైకలూరు, ఆకివీడు, భీమవరం చుట్టుపక్కల చెరువుల్లో పెరిగిన శీలావతి, బొచ్చె చేపలు బెంగాల్, అస్సాం, బీహార్ వంటిళ్లకు చేరేది ఎక్కువగా ఈ లారీల మీదే. నాన్న చేసిందంతా దాదాపు హౌరా లైనే. మోకాళ్లు మొరాయించాక మానేశారు. నేను కోర్టులో వాదించే సంగతులు చాలావాటికి మూలం ఆయన భోజనాల దగ్గర చెప్పిన కబుర్లే.

తెల్లారకముందే చెరువులో పట్టుబడి మొదలవుతుంది. వల లాగి, కాటా వేసి, చేపను ప్యాకింగ్ షెడ్డుకు తెచ్చేసరికి ఎండెక్కుతుంది. అక్కడ ఐసు దిమ్మల్ని క్రషర్‌లో పడేసి పొడి కొట్టిస్తారు. ట్రేలో ఒక వరస ఐసు, ఒక వరస చేప, మళ్లీ ఐసు. ట్రే మీద ట్రే ఎక్కించి, పైన పట్టా కప్పి తాళ్లు బిగించేసరికి సాయంత్రమవుతుంది. ఇదంతా జరుగుతున్నంతసేపూ డ్రైవరు ఓ పక్కన పడుకుని ఉంటాడనుకుంటాం. టైర్లు చూసుకోవాలి, డీజిల్ కొట్టించాలి, కేకేసినప్పుడల్లా బండిని షెడ్డులోకీ బయటికీ జరపాలి, గుమాస్తా చుట్టూ తిరిగి బత్తా డబ్బులు తీసుకోవాలి. స్టీరింగు పట్టేసరికే అతని పగలు ఖర్చయిపోయి ఉంటుంది. అసలు డ్యూటీ అప్పుడు మొదలవుతుంది.

బండి కదిలేముందు గుమాస్తా ఒక చీటీ చేతికిచ్చేవాడు. ఎన్ని ట్రేలు, అడ్వాన్సు ఎంత, అక్కడి కొట్టు ఫోన్ నంబరు, చివర్న టైము. ఎల్లుండి తెల్లవారుజామున ఇన్నింటికల్లా మార్కెట్లో ఉండాలి. ఇప్పుడు చీటీ బదులు వాట్సాప్ మెసేజ్ వస్తోంది. హౌరా హోల్‌సేల్ మార్కెట్లో బేరాలు తెల్లారకముందే మొదలవుతాయి. ముందొచ్చిన బండికి రేటు. ఆలస్యంగా వచ్చిన సరుకు వచ్చిన ధరకు పోవాలి, లేదా కరుగుతున్న ఐసుతో మర్నాటిదాకా కాచుకోవాలి. ఆ తేడాలో కొంత డ్రైవరుకిచ్చే డబ్బులోంచి కోసేవాళ్లు. త్వరగా చేరితే ఏమైనా ఎక్కువిస్తారా అని ఒకసారి నాన్ననడిగాను. "టీ తాగమని యాభై చేతిలో పెడతారమ్మాయ్" అన్నారు.

ఇక్కడ కొంచెం లెక్క వేయాలి, ఎందుకంటే వాదమంతా ఈ లెక్కలోనే ఉంది. మావైపు నుంచి హౌరాకి సుమారు 1,150 కిలోమీటర్లు. పదహారో నంబరు జాతీయ రహదారి మంచి రోడ్డే. కానీ లోడు బండి, టోల్‌గేట్లు, ఊళ్ల దగ్గర ట్రాఫిక్, ఎక్కడో ఒకచోట మరమ్మతులు, అన్నీ కలిపితే సగటున గంటకు 45 కిలోమీటర్లు లాగడం గొప్ప. అంటే ఇరవై అయిదు గంటలకు పైగా స్టీరింగు మీదే. సాయంత్రం అయిదుకి బయల్దేరి మర్నాడు కాక ఆ మర్నాడు తెల్లవారుజామున మూడింటికి చేరాలంటే మొత్తం ఉన్నది ముప్పై నాలుగు గంటలు. మిగిలే ఎనిమిది తొమ్మిది గంటల్లోనే తిండి, స్నానం, టీ, పంచరు, పోలీసు చెకింగు, నిద్ర. ఒక్కడే డ్రైవరైతే రెండు రాత్రుల్లో అతనికి దక్కేది ముక్కలు ముక్కలుగా రెండు మూడు గంటల కునుకు. గువాహటి లోడైతే దూరం రెండు వేల కిలోమీటర్లు దాటుతుంది.

ఈ లెక్కలో డ్రైవరు వేగ పరిమితి దాటలేదని గమనించండి. చట్ట ప్రకారం భారీ సరుకు వాహనానికి గరిష్ఠ వేగం గంటకు 80 కిలోమీటర్లు. కొత్త బండ్లలో స్పీడ్ గవర్నరే ఉంటుంది. టైముకి చేరడానికి అతను వేగంగా తోలక్కర్లేదు. నిద్ర మానితే చాలు.

మరి నిద్ర సంగతి చట్టం ఏం చెబుతోంది? చెప్పాల్సిందంతా 1961లోనే చెప్పింది. ఆ ఏడాది వచ్చిన మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది గంటల పని అంది. దూరప్రయాణాలకు సడలింపు ఇచ్చినా రోజుకు పది, వారానికి యాభై నాలుగు గంటలు మించకూడదంది. అయిదు గంటలు వరసగా పనిచేస్తే కనీసం అరగంట విరామం ఇవ్వాలంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 91 కూడా పనిగంటలకు ఆ చట్టాన్నే చూసుకోమంటుంది. పది గంటల లెక్కన హౌరా ప్రయాణం ఒక్క డ్రైవరుకు మూడో రోజుకి గానీ పూర్తికాదు. ఆ పాత చట్టం 2025 నవంబరు 21న కొత్త లేబర్ కోడ్‌లలో కలిసిపోయింది. ఎనిమిది గంటల సూత్రం కొత్త కోడ్‌లోనూ ఉంది.

మరి ఇన్నాళ్లూ ఎందుకు అమలు కాలేదంటే, కన్నం చట్టం మొదటి పేజీలోనే ఉంది. 1961 చట్టం వర్తించేది అయిదుగురికి తక్కువ కాకుండా రవాణా కార్మికులున్న సంస్థకే. కొత్త కోడ్ సాధారణంగా మొదలయ్యేది పదిమంది పనివాళ్లున్న చోట. మన లారీలు ఎవరివి? ఒక బండి, రెండు బండ్లున్న ఓనర్లవి. ఫైనాన్స్ వాయిదా కట్టడానికే సతమతమయ్యే మనుషులవి. లోడిచ్చే వ్యాపారికి లారీ ఉండదు, లారీ ఉన్నవాడికి పదిమంది పనివాళ్లుండరు. చట్టం ఇద్దర్నీ వదిలేసి వెళ్లిపోతుంది. డ్రైవర్ల పనిగంటలు అమలయ్యే దారి వెతకమని, రాష్ట్రాలతో కూర్చుని మాట్లాడమని 2025లో సుప్రీంకోర్టే కేంద్ర రవాణా శాఖకు చెప్పాల్సి వచ్చింది.

పుండు మీద కారం ఇంకోటి. నేషనల్ పర్మిట్ మీద తిరిగే పెద్ద లారీలో కనీసం ఇద్దరు డ్రైవర్లుండాలని, రెండో డ్రైవరు కాళ్లు చాపుకుని పడుకోవడానికి సీటు వెనక వెడల్పాటి బల్ల ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఒకప్పుడు స్పష్టంగా ఉండేది. 2018లో ఇద్దరు డ్రైవర్ల షరతు తీసేశారు. డ్రైవర్ల కొరత ఉందన్నారు, వ్యాపారం సులువవుతుందన్నారు. పాటించినవాళ్లు అంతకుముందే తక్కువ, ఒప్పుకుంటాను. కానీ నిబంధన పుస్తకంలో ఉన్నన్నాళ్లూ మాలాంటివాళ్లం కోర్టులో "రెండో డ్రైవరు ఏడీ?" అని ఓనర్ని నిలదీసే వీలుండేది. ఆ ఒక్క ప్రశ్ననీ మా నోట్లోంచి లాక్కున్నారు.

ఇప్పుడు లాయర్లలోనే చాలామంది పట్టించుకోని ఒక ఉపసెక్షన్ గురించి చెప్పాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 183 అతివేగానికి శిక్ష విధించేది. 2019 సవరణ తర్వాత భారీ వాహనానికి రెండు వేల నుంచి నాలుగు వేల రూపాయల జరిమానా. అందులో నాలుగో ఉపసెక్షన్ సారాంశం ఇది: ఫలానా ప్రయాణం ఫలానా సమయంలో పూర్తి కావాలని ఎవరైనా టైంటేబుల్ ప్రకటించినా, ఆదేశం ఇచ్చినా, వేగ పరిమితి మీరకుండా అది సాధ్యం కాదని కోర్టు భావిస్తే, ఆ ఆదేశమే ఇచ్చినవాడు నేరం చేశాడనడానికి ప్రాథమిక సాక్ష్యం. చదువుతుంటే ఒళ్లు పులకరిస్తుంది. చట్టం రాసినవాళ్లకు లోకం తెలుసు. బండి వేగం డ్రైవరు కాలి కింద మాత్రమే ఉండదని, గద్దె మీద కూర్చుని ఫోను చేసేవాడి నోట్లో కూడా ఉంటుందని వాళ్లకు తెలుసు. అయినా ఈ ఉపసెక్షన్ కింద ఒక సరుకు వ్యాపారి మీద కేసు పెట్టగా నేను చూడలేదు.

పెట్టినా హౌరా లోడుకి అది చాలదు. ఇందాకటి లెక్క గుర్తు చేసుకోండి. ఆ టైము వేగ పరిమితి దాటకుండానే సాధ్యం, నిద్ర దాటకుండా అసాధ్యం. ఉపసెక్షన్‌లో వేగం మాటే ఉంది, పనిగంటల మాట లేదు. నా డిమాండు ఈ ఒక్కటే: వేగ పరిమితులు అన్నచోట పనిగంటల పరిమితులు కూడా అని చేర్చండి. జరిమానా వేలల్లో కాదు, ఆ లోడు విలువను బట్టి వెయ్యండి. పదిమంది పనివాళ్లున్న సంస్థా కాదా అన్న ప్రశ్నతో సంబంధం లేకుండా, టైము పెట్టిన ప్రతివాడికీ వర్తించేలా రాయండి.

ఇదేమీ ఊహాలోకపు ముచ్చట కాదు. ఐరోపా సమాఖ్యలో సరుకు లారీ డ్రైవరు మామూలుగా రోజుకు తొమ్మిది గంటలకు మించి తోలకూడదు. నాలుగున్నర గంటలకోసారి ముప్పావుగంట ఆగి తీరాలి. బండిలోని టాకోగ్రాఫ్ అనే యంత్రం ఇదంతా నమోదు చేస్తుంది. రోడ్డు భద్రతకు ముప్పు తెచ్చేలా దూరాన్ని బట్టి, సరుకు పరిమాణాన్ని బట్టి, ఎంత త్వరగా చేర్చాడన్నదాన్ని బట్టి డ్రైవరుకు డబ్బివ్వడాన్నే వాళ్ల నిబంధన నిషేధించింది. ఆస్ట్రేలియా ఇంకో అడుగు ముందుకేసింది. సరుకు పంపేవాడు, ఎక్కించేవాడు, దించుకునేవాడు, అందరూ బాధ్యుల గొలుసులో భాగమే. డ్రైవరు అలసిపోయి నడిపేలా గడువు పెట్టడం అక్కడ గడువు పెట్టినవాడి నేరం.

మన దగ్గర చర్చ ఎప్పుడూ ప్రమాదం జరిగిన తర్వాత నుంచే మొదలవుతుంది. భారతీయ న్యాయ సంహితలో హిట్ అండ్ రన్‌కి పదేళ్ల దాకా శిక్ష పెట్టారని 2024 జనవరిలో లారీలు, ట్యాంకర్లు ఆగిపోయాయి. హైదరాబాద్‌లో పెట్రోలు బంకుల ముందు జనం గంటలకొద్దీ బారులు తీరిన రోజులు పాఠకులకు గుర్తుండే ఉంటాయి. చివరికి ఆ 106(2) సెక్షన్‌ని పక్కనపెట్టి మిగతా సంహితను జూలై 1 నుంచి అమల్లోకి తెచ్చారు. పారిపోయిన డ్రైవరుకు ఎన్నేళ్లు వెయ్యాలన్నదాని మీద టీవీల్లో రాత్రుళ్లు వాదించుకున్నారు. అతను అంతకుముందు ఎన్ని గంటలు మేలుకుని ఉన్నాడని ఒక్క యాంకరూ అడగ్గా నేను వినలేదు. 2022 ఒక్క ఏడాదిలో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. నిద్రలేమి అందులో ఎందరి మరణానికి కారణమో మన నమోదు పద్ధతిలో బయటపడే దారే లేదు. ఎఫ్ఐఆర్ రాసే కానిస్టేబుల్‌కి అతివేగం అనే గడి తెలుసు, అంతే.

డ్రైవర్లకు అసలేం చేయలేదని కూడా అనను. 2025 అక్టోబరు 1 తర్వాత తయారయ్యే లారీల క్యాబిన్లలో ఏసీ తప్పనిసరి చేశారు. మంచి పని. ఇంజను వేడికి నాన్న కుడికాలు మడమ ఎప్పుడూ కమిలిపోయి ఉండేది. రాత్రి కళ్లు మూతలు పడుతుంటే ఆయన చేసే చిట్కా ఒకటుండేది. బండి ఆపి, ట్రేల సందుల్లోంచి కారే ఐసు నీళ్లలో తువ్వాలు తడిపి మెడకు చుట్టుకునేవారు. చేపల వాసనకే సగం నిద్ర ఎగిరిపోయేదట. ఆ తువ్వాలు అమ్మ ఇంట్లో బట్టలతో కలిపి ఉతికేది కాదు. (ఆ కారే నీళ్లకు రోడ్డు మీద స్కూటర్లు జారిపడడం ఇంకో గొడవ, దానికీ తిట్లు తినేది డ్రైవరే.) ఆయిల్ కంపెనీలు హైవే బంకుల దగ్గర 'అప్నా ఘర్' పేరుతో డ్రైవర్లకు మంచాలు, స్నానాల గదులు కడుతున్నాయి. అదీ మంచిదే. కానీ చేపల లోడున్నవాడు ఏ ధైర్యంతో అక్కడ బండి ఆపుతాడు? పూర్వం తుని దాటావా, ఇచ్ఛాపురం దాటావా అని ఫోన్లొచ్చేవి. ఇప్పుడు జీపీఎస్‌లో బండి చుక్క పావుగంట కదలకపోతే చాలు, ఫోను మోగుతుంది. మంచం ఉంది, పడుకునే టైము లేదు.

వ్యాపారుల మాట కూడా చెప్పాలి. చేప ఆగదు కదమ్మా అంటారు. అది నిజం. ఫార్మాలిన్ కలుపుతున్నారన్న అనుమానంతో 2018 జూలైలో అస్సాం ప్రభుత్వం బయటి రాష్ట్రాల చేపను పది రోజులు ఆపేసింది. 2019 జనవరిలో పట్నాలో ఆంధ్రా చేప అమ్మకాన్ని పదిహేను రోజులు నిషేధించారు. అప్పట్నుంచి అవతల కొనేవాడు ముందు మొప్పలు తెరిచి చూస్తాడు. సరుకు తాజాగా, త్వరగా చేరడం రైతు బతుకుతో ముడిపడ్డ విషయం. నేను బండి ఆపమనడం లేదు, మనిషిని మార్చమంటున్నాను. రెండో డ్రైవరుకు ట్రిప్పుకి ఆరు వేలు అవుతుందనుకుందాం. బండిలో పది టన్నుల చేప ఉందనుకుందాం. కిలోకి అరవై పైసలు. హౌరాలో కిలో శీలావతి కొనే ఇల్లాలు ఆ అరవై పైసలకు బేరం మానేస్తుందా? ఇరవై అయిదు గంటల డ్రైవింగ్ ఇద్దరు పంచుకుంటే తలా పన్నెండున్నర, అదీ రెండు రాత్రుల మీద. రోజుకు పది గంటల లోపే సర్దుకోవచ్చు.

ఇంకో మార్గం దారిలో డ్రైవర్లు మారడం. రివిగో అనే సంస్థ మన దేశంలోనే ఆ పద్ధతి నడిపి చూపించింది. కొన్ని గంటల దూరానికో మజిలీ, అక్కడ బండి ఇంకో డ్రైవరు చేతికిచ్చి మొదటివాడు ఇంకో బండి మీద ఇంటివైపు వచ్చేయడం. ఆ కంపెనీ తర్వాత తన ఎక్స్‌ప్రెస్ వ్యాపారాన్ని అమ్ముకుంది గానీ, బండి ఆగకుండా మనిషి నిద్రపోవచ్చని అయితే తేలింది. మనకు విశాఖ దగ్గర ఒకటి, బరంపురంలో ఒకటి, భద్రక్‌లో ఒకటి మజిలీలు చాలు. లారీ ఓనర్ల సంఘాలు, చేపల ఎగుమతిదార్లు కూర్చుంటే ఒక్క సీజన్లో కుదుర్చుకోగలిగిన పని. వాళ్లంతట వాళ్లు కూర్చోరు. టైము పెట్టినందుకు కేసు పడుతుందన్న భయం ఉంటే కూర్చుంటారు.

ఈమధ్య నేను చూసిన ఒక కేసు చెప్పి ముగిస్తాను. శ్రీకాకుళం జిల్లాలో తెల్లవారుజామున ఒక చేపల లారీ, రోడ్డు పక్కన ఆగి ఉన్న ట్రెయిలర్‌ను వెనక నుంచి గుద్దింది. పోయింది డ్రైవరొక్కడే. తప్పు అతనిదేనని ఎఫ్ఐఆర్. తప్పు డ్రైవరుదే అయినప్పుడు అతని కుటుంబం మామూలు మోటారు ప్రమాద దావాలో నిలబడడం కష్టం. ఉద్యోగుల నష్టపరిహార చట్టం కింద వెళ్లాం. అక్కడ ఇంకో చిక్కు, ఇతను నా దగ్గర పనిచేయనే లేదన్నాడు ఓనరు. జీతం చీటీ లేదు, హాజరు పుస్తకం లేదు. కేసుని నిలబెట్టింది చితికిపోయిన ఫోనులోంచి కొడుకు తీయించిన మెసేజ్. ఓనరు నంబరు నుంచి వచ్చింది. లోడు వివరాలు, అడ్వాన్సు, కింద చేరాల్సిన టైము, ఆలస్యమైతే కోత అన్న ముక్క. పని ఇచ్చింది ఎవరో, ఎలాంటి పని ఇచ్చారో ఆ నాలుగు లైన్లే చెప్పాయి. ఆ టైము ముందుగా పెట్టిన సరుకు వ్యాపారి మాత్రం కోర్టు మెట్లు ఎక్కలేదు, ఎక్కించే సెక్షన్ మాకు లేదు.

పోలీసు అధికారులకు నా విన్నపం: సరుకు లారీ ప్రమాదం జరిగితే డ్రైవరు ఫోనులో గత రెండు రోజుల మెసేజ్‌లు, బండి జీపీఎస్ రికార్డు పంచనామాలో చేర్చండి. అందుకు కొత్త చట్టం అక్కర్లేదు, మీకిప్పుడున్న అధికారం చాలు. లారీ డ్రైవర్లకు, వాళ్ల ఇళ్లలోవాళ్లకు చెప్పేది: టైము పెట్టిన మెసేజ్ చెరపకండి. నోటిమాటగా చెబితే, "ఇన్నింటికి చేరమన్నారు కదా" అని తిరిగి మెసేజ్ పెట్టి ఉంచుకోండి. దాని కాపీ ఒకటి ఇంట్లోవాళ్ల ఫోనుకి పంపాకే బండి తియ్యండి.